కరవు నేల... కారు పరుగు

ఆదివారం తెల్లవారుజాము. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీ బంకులో మొదటి పాలు పొంగే వేళకు బెంగళూరు వైపు నుంచి ఓ చప్పుడు మొదలవుతుంది. ముందు తుమ్మెద రొదలా. ఆ తర్వాత పిండిమర హోరులా. చూస్తుండగానే పసుపుపచ్చ కారొకటి, దాని వెనక ఎర్రనిదొకటి, ఆ వెనక ఆకుపచ్చదొకటి... నేలకు జానెడు ఎత్తులో ముక్కు కిందికి వంచుకుని వరసగా వెళ్ళిపోతాయి. టీ గ్లాసు పట్టుకున్న లారీ డ్రైవరు తల తిప్పేసరికి వెనక దీపాలు మాత్రమే మిగులుతాయి.

బెంగళూరులో స్పోర్ట్స్ కార్లున్న కొందరికి ఆదివారం ఉదయం ఈ ప్రయాణం తప్పనిసరి వ్రతం లాంటిది. నగరంలో సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య రెండో గేరు దాటని బండికి ఇక్కడ కాస్త ఊపిరాడుతుంది. హైవే దిగి లేపాక్షి బసవన్నను చూసి తిరిగేవాళ్ళు కొందరు. పెనుకొండ దాకా వచ్చి ఉగ్గాని, బజ్జీ తిని ఎండ ముదరకముందే వెనక్కి మళ్ళేవాళ్ళు ఇంకొందరు. హోటలు ముందు కారు ఆగిందో లేదో చుట్టూ జనం. 'ఏం కారప్పా ఇది?' 'రేటెంతప్పా?' చివరికి అందరి తరఫునా ఓ పెద్దాయన అసలు ప్రశ్న అడుగుతాడు... 'లీటరుకు ఎంతిస్తాది?' జవాబు విన్నాక ఆయన ముఖంలో కనిపించే జాలి చూసి తీరాల్సిందే!

అయితే ఈ ఉదయపు ఊరేగింపు చూసి ముచ్చటపడేవాళ్ళు ఎందరో, గుండె చిక్కబట్టుకునేవాళ్ళూ అందరే. ఆ కార్లు నడిపేవాళ్ళ ఇళ్ళలోనూ, ఈ రోడ్డు దాటి పొలాలకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళలోనూ.

చూపు ఆగని నేల

ఈ దారికి ఇంత ఆకర్షణ ఎందుకంటే... కరవు వల్లే. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీద కురిసి, ఇక్కడికొచ్చేసరికి చేతులు దులిపేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలకేమో సముద్రం దూరం. రెంటికీ మధ్య చిక్కిన ఈ పీఠభూమికి ఏడాదికి దక్కే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఎర్ర నేల, గుండ్రాళ్ళ గుట్టలు, మోకాలెత్తు కూడా లేని వేరుసెనగ. పేరుకు పెన్న, చిత్రావతి ఉన్నా వంతెన మీంచి చూస్తే ఎక్కువ నెలలు కనిపించేది ఇసకే. చెట్లు తక్కువ, ఊళ్ళు దూరం దూరం. కాబట్టి చూపు ఆగదు. రోడ్డు ఏడాదిలో చాలా రోజులు పొడిగానే ఉంటుంది. వేగం మీద మోజున్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి. పాత లెక్కలో ఏడో నంబరు. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు వెళ్తుంది. నాలుగు వరసలు, నడుమ గన్నేరు చెట్లు. అటు గుట్ట మీద విజయనగర రాజుల కోట. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత హంపీ పాడుబడితే రాజధానిగా నిలబడ్డది ఈ పెనుకొండే. ఆ పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది ఇక్కడి నుంచే. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యంతో కట్టారు. బోరు ఎండిందని బాధపడే నేలలో కార్లు పండుతున్నాయని అప్పట్లో అందరూ అన్న మాటే. 2022లో జిల్లా రెండుగా విడిపోయి పెనుకొండ, ధర్మవరం, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి గానీ, నేల మాత్రం ఒకటే.

ఇక్కడే ఓ తమాషా ఉంది. కర్మాగారంలో తయారైన కారును గేటు దాటించే ముందు లోపలున్న ట్రాకు మీద తిప్పి చూస్తారు. కుదుపులున్నాయా, బ్రేకులు పడుతున్నాయా, చప్పుడేమైనా వస్తోందా అని. అంటే మామూలు కుటుంబం కొనుక్కునే కారుకు కూడా పరీక్షకు ప్రత్యేకంగా చోటుంది. ఆ గోడ బయట, అంతకు మూడింతల శక్తి ఉన్న కారును పరీక్షించడానికి కొందరు ఎంచుకుంటున్నది మాత్రం అందరూ తిరిగే రోడ్డును!

గొర్రెలకు హారన్ తెలియదు

ఆ రోడ్డు మీద ఉండేది కార్లు మాత్రమే కాదు మరి. పొద్దున ఆరు గంటలకు మేతకు బయల్దేరిన గొర్రెల మంద అటు గట్టు నుంచి ఇటు గట్టుకు దాటుతుంది. నూరు గొర్రెలు దాటడానికి పట్టే సమయం గొర్రెల ఇష్టం. రెండు కిలోమీటర్లు చుట్టి రాలేక రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టరు ఉంటుంది. టీవీఎస్ మోపెడ్ మీద ముందూ వెనకా మేత మోపులు కట్టుకుని, తల ఎటూ తిప్పలేని రైతు ఉంటాడు. వేరుసెనగ పీకే రోజుల్లో సర్వీసు రోడ్డు మీద కాయలు ఆరబోస్తారు. డివైడరు సందులోంచి బడి పిల్లలు దూకుతారు. వాళ్ళదే తప్పని వాదించొచ్చు. వాదన గెలిచినా కారు ఆగదు కదా!

లెక్క చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 28 మీటర్లు వెళ్తుంది. 200 వేగంలో 55 మీటర్లకు పైనే. ఎదురుగా మందను చూసి, మెదడుకు తెలిసి, కాలు బ్రేకు మీదకు వెళ్ళేలోపే ఆ 55 మీటర్లూ అయిపోతాయి. ఆపైన బ్రేకులు పట్టినప్పటి నుంచి ఆగడానికి కావాల్సిన దూరం వేరు. వేగం రెట్టింపైతే ఆ దూరం రెట్టింపు కాదు... నాలుగింతలు. ఎంత ఖరీదైన బ్రేకులైనా ఈ లెక్క మార్చలేవు.

చట్టమూ ఊరుకోదు. నాలుగు వరసల రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో ఇచ్చిన గరిష్ఠ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. ప్రజలు తిరిగే రోడ్డు మీద పందేలు పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా. రెండోసారి దొరికితే ఏడాది, పది వేలు. రెండు కోట్ల కారు వాడికి పది వేలు లెక్క కాదనొచ్చు. ఏడాది మాత్రం ఎవరికైనా ఏడాదే.

మరి అంత డబ్బు పోసి కొన్న కారు శక్తి ఏమిటో చూడకుండా షెడ్డులో పెట్టి పసుపు కుంకుమ పెట్టుకోవాలా? అక్కర్లేదు. దానికో చోటుంది. దాని పేరు ట్రాక్ డే.

రేసు కాదు... సాధన

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఇంట్లో కుర్రాడు ఓ స్పోర్ట్స్ కారు కొన్నాడనుకుందాం. 'ట్రాకుకు వెళ్తానమ్మా' అంటే తల్లి అడిగే మొదటి మాట, 'రేసా నాయనా?' అని. ఆవిడ భయం సహజమే. కానీ ట్రాక్ డే రేసు కాదు. రేస్ ట్రాకును ఓ రోజుకు అద్దెకు తీసుకుంటారు. ఎవరి కారు వాళ్ళే తెచ్చుకుంటారు. పదిహేను ఇరవై నిమిషాల చొప్పున విడతలుగా తిరుగుతారు. గెలుపూ ఓటమీ, కప్పూ హారమూ ఏమీ ఉండవు. ఎదురు వచ్చే బండి ఉండదు. రోడ్డు దాటే మనిషి ఉండడు. మలుపు మలుపుకూ జెండా పట్టుకున్న మార్షల్ ఉంటాడు. కారు దారి తప్పితే గుద్దుకునేందుకు వేపచెట్టు కాదు, ముందు ఖాళీ స్థలం, దాని వెనక టైర్ల గోడ ఉంటాయి. అంబులెన్సు ఇంజను ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటుంది. తల్లికి ఇదంతా చెప్తే ఆవిడే అంటుంది, 'ఆ రోడ్డు మీద తిరిగేకన్నా అదే మేలు' అని.

మరి ఎక్కడికెళ్ళాలి? బెంగళూరు, హైదరాబాదు చుట్టుపక్కల ఉన్నవి ఎక్కువగా కార్టింగ్ ట్రాకులు, చిన్న ట్రాకులు. పెద్ద స్పోర్ట్స్ కారుకు ఇవి ఇరుకు. కానీ వీటిని చిన్నచూపు చూడక్కర్లేదు. పెద్ద ట్రాకు ఎక్కే ముందు ఓ రెండు ఆదివారాలు అద్దె కార్ట్ తొక్కితే స్టీరింగు పట్టే తీరు, బ్రేకు వేసే వేళ చవగ్గా ఒంటబడతాయి. దేశంలో మొట్టమొదట ఫార్ములా వన్ దాకా వెళ్ళిన నారాయణ్ కార్తికేయన్ కూడా మారుతీ 800 ఇంజనుతో చేసిన చిన్న ఫార్ములా కార్లలోనే ఓనమాలు దిద్దుకున్నాడు.

హైదరాబాదు పేరు చెప్పగానే చాలామందికి 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం గుర్తొస్తుంది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అది నగర వీధులకే అడ్డుగోడలు కట్టి రెండు రోజుల కోసం చేసిన ట్రాకు. పందెం అయిపోగానే మళ్ళీ సిటీ బస్సులు తిరిగాయి. 2024లో జరగాల్సింది రద్దయింది. కాబట్టి సొంత కారు తిప్పుకోవడానికి అది లెక్కలోకి రాదు.

అనంతపురం వైపూ ఆశలు లేకపోలేదు. జిల్లాలోనే రేస్ ట్రాకు కడతామన్న ప్రతిపాదన కొన్నేళ్ళ కిందట పత్రికలకెక్కింది. వాన పడకపోయినా నష్టం లేని పంట ఏదైనా ఉందంటే అదే కదా! అయితే ఎక్కడైనా సరే, ప్రతిపాదన చూసి మురిసిపోకూడదు. తారు పడి, మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య తనిఖీ చేసి లైసెన్సు ఇచ్చాకే అది ట్రాకు.

కృష్ణగిరి దగ్గర రెండు దారులు

ధర్మవరం కుర్రాడి ముందు నిజంగా ఉన్నవి రెండు దారులు. ఆ మాట అక్షరాలా నిజం. బెంగళూరు దాటి తొంభై కిలోమీటర్లు వెళ్తే కృష్ణగిరి. అక్కడ ఎడమకు తిరిగితే చెన్నై రోడ్డు. తిన్నగా పోతే సేలం, కోయంబత్తూరు. ఏ ట్రాకో తేల్చుకోవాల్సింది ఇంటి దగ్గరే అయినా, తేడా తెలిసేది ఇక్కడే.

చెన్నై దారిలో శ్రీపెరంబుదూరు దాటాక ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో తెరిచిన ట్రాకు అక్కడుంది. అంతకుముందు దశాబ్దాల తరబడి మద్రాసులో పందేలు జరిగింది షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద. సొంత ట్రాకు కావాలని క్లబ్బు వాళ్ళు పట్టుబట్టి కట్టుకున్నదే ఇది. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. తిన్నటి దారి చివర వచ్చే మొదటి మలుపు కుడికి, మహా వేగమైనది. అనుభవమున్నవాళ్ళు ఆ మలుపు గురించి చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు. ఆ ట్రాకు వచ్చిన కొన్నేళ్ళకు పక్కనే హ్యుందాయ్ కర్మాగారం వెలిసింది. కియా కూడా ఆ కుటుంబానిదే. అక్కడ ముందు ట్రాకు, తర్వాత కార్ల ఫ్యాక్టరీ. పెనుకొండలో ఫ్యాక్టరీ ముందొచ్చింది!

తిన్నగా వెళ్తే కోయంబత్తూరు శివార్లలో చెట్టిపాళెం. అక్కడిది కరి మోటార్ స్పీడ్‌వే. చిన్న విమానాలు ఎగరేయడానికని తీసుకున్న నేలలో 2003లో ట్రాకు తయారైంది. పొడవు 2.1 కిలోమీటర్లు. 1995లో విమాన ప్రమాదంలో పోయిన కరివర్ధన్ పేరు పెట్టారు. మారుతీ ఇంజనుతో ఫార్ములా కారు తయారుచేసి మధ్యతరగతి పిల్లలకు కూడా రేసింగ్ అందేలా చేసిన మనిషాయన. ట్రాకు పొట్టిది, వెడల్పు తక్కువ, మలుపుకూ మలుపుకూ మధ్య తెరిపి ఉండదు. కారు మహా వేగం అందుకోదు. కోయంబత్తూరు దగ్గరే ఇటీవలి ఏళ్ళలో మరో పెద్ద ట్రాకూ వచ్చింది.

ఇక దేశంలో అన్నిటికన్నా పేరున్నది గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 2011 నుంచి 2013 దాకా మూడేళ్ళు ఫార్ములా వన్ జరిగింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. 5.125 కిలోమీటర్లు, పదహారు మలుపులు, కిలోమీటరు దాటిన తిన్నటి దారి, ఎత్తుపల్లాలు. ధర్మవరం నుంచి వెళ్ళాలంటే ఉత్తరంగా అదే 44వ నంబరు రోడ్డు ఎక్కి ఆగ్రా దాకా పోవచ్చు. కానీ కారును లారీ మీద ఎక్కించి పంపడం, మనుషులు విమానంలో వెళ్ళడం, మకాం... ఇవన్నీ కలిపితే ఒక్క రోజు సరదాకు ఓ పెళ్ళి ఖర్చు.

కొత్తవాడి మనసు సహజంగా పొడవాటి ట్రాకు వైపే లాగుతుంది. 'మన కారు అంత పోతుంది కదా, అంత పోయే చోటికే వెళ్ళాలి' అని. సరిగ్గా అదే పొరపాటు. పొడవాటి తిన్నటి దారి కారుకు పరీక్ష. మలుపు మనిషికి పరీక్ష. మొదటిసారి వెళ్ళేవాడు ఎక్కువ మలుపులు, తక్కువ వేగం ఉన్న చోటు చూసుకుంటే రోజంతా నేర్చుకుంటాడు. పొరపాటు చేసినా అది 90 వేగంలో జరుగుతుంది, 190లో కాదు. ఆ లెక్కన మొదటి ప్రయాణానికి కృష్ణగిరి దగ్గర స్టీరింగు తిప్పకుండా తిన్నగా పోవడమే మంచిది. రెండో మూడో సారికి చెన్నై. నోయిడా... చూద్దాం, తొందరేముంది?

ఇంకో సంగతి రుతువు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు. ఏప్రిల్, మే నెలల్లో తారు కాలిన పెనంలా ఉంటుంది. టైర్లు త్వరగా వేడెక్కుతాయి, మనిషి అంతకన్నా త్వరగా సొమ్మసిల్లుతాడు. జాతీయ పోటీల సీజనులో వారాంతాలు చాలావరకు వాటికే పోతాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నివిధాలా హాయి.

ఎవరితో వెళ్తున్నట్టు?

ట్రాకు ఎంచుకోవడం కన్నా కష్టం గుంపును ఎంచుకోవడం. ట్రాకు మీద మన పక్కన ఎవరు తిరుగుతున్నారన్న దాని మీదే అన్నీ ఆధారపడి ఉంటాయి మరి.

కార్ల కంపెనీలు తమ కారు కొన్నవాళ్ళ కోసం జరిపే శిక్షణ రోజులు ఒక రకం. ముందు శిక్షకుడి కారు, వెనక బాతు పిల్లల్లా మన కార్లు. కాస్త బడిలా ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్ళకు విసుగు. కొత్తవాళ్ళకు మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు. కార్ల యజమానులు నలుగురూ కలిసి, ఖర్చు పంచుకుని ట్రాకు అద్దెకు తీసుకునేది రెండో రకం. స్నేహం ఎక్కువ, నియమాలు ఒక్కోచోట ఒక్కోలా. ఇంజన్లకు శక్తి పెంచే వర్క్‌షాపుల వాళ్ళు జరిపేవి మూడోరకం. అక్కడ స్టాప్‌వాచీ ఉంటుంది. స్టాప్‌వాచీ ఉన్నచోట ఎవరెంత వద్దన్నా రేసు మొదలవుతుంది.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి చాలానే ఉన్నాయి. ఒక విడతలో ఎన్ని కార్లు వదులుతారు? కొత్తవాళ్ళనూ అనుభవజ్ఞులనూ విడివిడిగా పంపుతారా? కార్లతోపాటు బైకుల్ని కూడా అదే సమయంలో వదులుతారా? ఈ చివరి ప్రశ్నకు 'అవును' అని జవాబొస్తే అక్కడితో నమస్కారం పెట్టేయొచ్చు. మలుపులో బైకు వెళ్ళే గీత వేరు, కారు వెళ్ళే గీత వేరు. రెండూ కలిసేచోట ప్రాణం పోయేది బైకు మీదున్నవాడిదే.

పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ళున్నారా? ఓవర్‌టేక్ నియమమేమిటి? మంచి గుంపుల్లో తిన్నటి దారి మీద, అదీ ముందున్నవాడు చెయ్యి చూపి దారిచ్చాకే దాటాలి. మలుపులో దూరితే ఆ రోజుకు ఇంటికే. అంబులెన్సు ఒకటే ఉండి, అది ఒకర్ని ఆస్పత్రికి తీసుకెళ్తే మిగతావాళ్ళను ఆపుతారా, ఆపరా? ఈ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా 'ఆపుతాం' అన్న వాళ్ళను నమ్మొచ్చు. ట్రాకు అంచు రెయిలింగుకు కారు తగిలితే ఆ ఖర్చు ఎవరిదో కూడా కాగితం మీద చూసుకోవాలి. సాధారణంగా తగిలినవాడిదే.

బీమా సంగతి ఇంకా ముఖ్యం. మామూలు మోటారు పాలసీల్లో పందేలకు, వేగ పరీక్షలకు వాడినప్పుడు జరిగిన నష్టం వర్తించదని రాసే ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదు కదా అని మనం వాదించొచ్చు. బీమా కంపెనీ ఏమంటుందో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది. లేకపోతే పగిలిన బంపరు ఖరీదుతో ధర్మవరంలో ఓ మగ్గం షెడ్డు పెట్టుకోవచ్చని ఆ తర్వాత తెలుస్తుంది.

వీటన్నిటినీ మించిన పరీక్ష ఒకటుంది. ఆ గుంపు ట్రాకు దాకా ఎలా వెళ్తుందో చూడాలి. తెల్లవారుజామున బెంగళూరులో బయల్దేరి 'రెండు గంటల్లో కొట్టేశాం' అని హోటల్లో చెప్పుకునేవాళ్ళు, హైవే మీద స్పీడోమీటరును ఫోనులో తీసి అందరికీ పంపేవాళ్ళు ఎంత సరదా మనుషులైనా వాళ్ళతో వెళ్ళకపోవడమే మేలు. రోడ్డు మీద ఆగలేనివాడు ట్రాకు మీద జెండాకు ఆగుతాడని నమ్మకమేమిటి? లారీల వెనక ఓపిగ్గా ఎనభైలో వెళ్ళి, టోల్ గేటు దగ్గర టీ తాగి, ట్రాకు గేటు దాటాకే హెల్మెట్ పెట్టుకునే గుంపు దొరికిందా... వాళ్ళను వదలకూడదు.

ఆ రోజు

ముందురోజు రాత్రి కారులోంచి అన్నీ తీసేయాలి. నీళ్ళ సీసా, బొమ్మ, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు కూడా. దేవుడైనా సరే, గట్టి మలుపులో దొర్లి బ్రేకు పెడలు కిందికి చేరితే కష్టమే. చక్రాల నట్లు బిగించి చూడాలి. బ్రేకు ఆయిలు కొత్తది పోయించాలి. ఆ ఆయిలు గాల్లోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిలు ట్రాకు వేడికి మరుగుతుంది. అప్పుడు పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది, కారు ఆగదు. వేడికి టైర్లలో గాలి పెరుగుతుంది కాబట్టి మొదటి విడత కాగానే కొలిచి సరిచూసుకోవాలి. నూలు బట్టలు, పూర్తి చేతుల చొక్కా, పల్చటి అడుగున్న బూట్లు.

పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టి జెండాలు చెబుతారు. పసుపు అంటే ముందు ప్రమాదముంది, వేగం తగ్గించు, ఎవర్నీ దాటకు. ఎరుపు అంటే విడత ఆగిపోయింది, మెల్లగా లోపలికి వచ్చేయ్. నీలం అంటే వెనక వేగంగా వచ్చేవాడున్నాడు, దారి ఇవ్వు. కొత్తవాళ్ళకు నీలం జెండానే కష్టం. ఆ కుర్రాడి కారు పక్కనున్న అందరి కార్లకన్నా ఖరీదైనది కావచ్చు. వెనక నుంచి పదేళ్ళ నాటి మామూలు కారొకటి వచ్చి దారడుగుతుంది. ఇవ్వాలి. చెయ్యి బయటపెట్టి దారి చూపించాలి. అది మలుపులోకి వెళ్ళే తీరు చూస్తే అర్థమవుతుంది, వేగం ఇంజనులో కన్నా మనిషిలో ఎక్కువుందని.

శిక్షకుడు చెప్పేది విని సీమ రైతు నవ్వుకుంటాడు. చేను చివర మడక తిప్పేటప్పుడు ఎద్దుల్ని ఉన్నచోటే గిరుక్కున తిప్పరు. వెడల్పుగా వెళ్ళి, గనిమ దగ్గర లోపలికి వచ్చి, మళ్ళీ వెడల్పుగా సాలు పడతారు. ట్రాకు మీద మలుపూ అంతే. బయటి అంచు నుంచి మొదలు, నడుమ లోపలి అంచును తాకడం, మళ్ళీ బయటికి. బ్రేకు పని మలుపు ముందే చాలావరకు ముగియాలి. లోపల తిప్పడమే. బయటికొచ్చేటప్పుడే యాక్సిలరేటరు. చూపు మాత్రం ముక్కు ముందున్న తారు మీద కాదు, మలుపు చివర. కళ్ళెటు చూస్తే కారటు పోతుంది. ఈ నాలుగు ముక్కలు ఒంటబట్టడానికి నాలుగు విడతలు పడతాయి. అయిదో విడతకు ధైర్యం వస్తుంది. ప్రమాదాలు ఎక్కువగా ఆ విడతలోనే. అలసటా, ధైర్యమూ ఒకేసారి వచ్చినప్పుడు. అందుకే పాతకాపులు చివరి విడత మానేసి నీడన కూర్చుని మజ్జిగ తాగుతారు.

చివరి రౌండు ఎప్పుడూ నెమ్మదిగా తిరగాలి, బ్రేకులు చల్లబడటానికి. కారు ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగకూడదు. కాగిన డిస్కుకు ప్యాడు అంటుకుపోతుంది. గేరులో వదిలి చక్రం కింద రాయి పెట్టాలి.

ఇక తిరుగు ప్రయాణం. రాత్రి బెంగళూరులో పడుకుని, తెల్లవారుజామున బయల్దేరితే బాగేపల్లి దాటి కొడికొండ వచ్చేసరికి తెలతెలవారుతుంది. టైర్ల అంచులు అరిగి, బ్రేకు ప్యాడ్లు సగమై, ఒంట్లో ప్రతి కండరం పచ్చిపుండులా ఉన్న మనిషికి రోడ్డు ఎంత ఖాళీగా కనబడినా వేగం మీద మోజుండదు. కారు ఎనభైలో పోతూ ఉంటుంది. పక్కనుంచి కోడిగుడ్ల వ్యాను కూడా దాటిపోతుంది. పెనుకొండ గుట్ట ఎదురుగా కనిపించే చోట గన్నేరు చెట్ల సందులోంచి మొదటి గొర్రె రోడ్డు మీదకు దిగుతుంది. దాని వెనక మంద. కారు ఆగి, నాలుగు దీపాలూ కొట్టుకుంటూ నిలబడుతుంది. కర్ర భుజాన వేసుకున్న కాపరి లెక్కపెట్టుకుంటూ చివరి పిల్లను దాటించి, కారు వైపు ఓసారి తేరిపార చూస్తాడు. అద్దం దించగానే ఏమడుగుతాడో కుర్రాడికి ముందే తెలుసు.